పర్లాకిమిడి నుంచి పరాయి దేశానికి పచ్చడి డబ్బా

మాది పర్లాకిమిడి. మా వీధిలోంచి బండి తీస్తే కాసేపట్లో పాతపట్నం, అంటే ఆంధ్రా. 1936లో ఒడిశాని విడిగా చేసినప్పుడు మా ఊరు ఇటు పడింది, పాతపట్నం అటు ఉండిపోయింది, మేం మాత్రం పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ కూరగాయలకీ రోజూ ఆ గీత దాటుతూనే ఉన్నాం. అందుకని సరిహద్దు అంటే మాకు పెద్ద లెక్క ఉండదు. చెల్లి పెళ్ళయి డల్లాస్ వెళ్ళిన కొత్తలో ఆవకాయ పంపాల్సి వస్తే, డబ్బాకి టేపు చుట్టి అడ్రస్ రాసి ఇచ్చేస్తే అదే పోతుందిలే అనుకున్నాను. ఆ తర్వాత ఈ ఎనిమిదేళ్ళలో డల్లాస్‌కి, మస్కట్‌లో ఉన్న బావకి, మెల్‌బోర్న్‌లో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయికి కలిపి ఎన్ని డబ్బాలు కట్టానో లెక్క లేదు. ఇప్పుడు వీధిలో ఎవరి పిల్లలు బయట దేశంలో ఉన్నా డబ్బా పట్టుకుని మా అరుగు మీదకే వస్తారు. వచ్చిన ప్రతివాళ్ళకీ మొదట్నుంచీ చెప్పే ఓపిక లేక ఇలా రాసి పెడుతున్నాను.

ముందు నాకు పడిన దెబ్బ చెప్పేస్తాను. మెల్‌బోర్న్ అన్నయ్యకి మా పెద్దమ్మ మూడు కిలోల సున్నుండలు చుట్టింది, ఇంట్లో కాచిన నెయ్యితో. ఒక ఏజెంటు దగ్గరికి తీసుకెళ్ళాను. "లోపల ఏంటండీ?" అన్నాడు. "తినేవే" అన్నాను. "సరే" అని కంప్యూటర్‌లో డ్రై ఫుడ్ అని కొట్టాడు, విలువ దగ్గర అయిదు వందలు వేశాడు, రసీదు ఇచ్చాడు, నేను చదవకుండా జేబులో పెట్టుకున్నాను. పన్నెండు రోజుల తర్వాత అన్నయ్యకి అక్కడి క్వారంటీన్ వాళ్ళ దగ్గర్నుంచి నోటీసు వచ్చింది. పాల పదార్థం ఉన్న తిండి, కాగితం మీద ఆ మాట లేదు, మీ ఖర్చుతో వెనక్కి పంపించుకుంటారా లేక నాశనం చేయమంటారా అని. వెనక్కి తెప్పించుకోవడానికి అయ్యే డబ్బుతో సున్నుండలు కాదు, మినప చేనే కొనొచ్చు. పారేయమన్నాడు. పెద్దమ్మకి మాత్రం "చాలా బాగున్నాయి" అని ఫోన్ చేసి చెప్పాడు, ఆ సంగతి ఆవిడకి ఇప్పటికీ తెలీదు.

నాకు అప్పుడు అర్థమైంది ఏంటంటే, కస్టమ్స్ వాళ్ళు ముందు చూసేది మన డబ్బాని కాదు, డబ్బా మీద అంటించిన కాగితాన్ని. ఆ కాగితం ఎవరో కౌంటర్ కుర్రాడు రాస్తే మన డబ్బా గతి వాడి చేతిలో పెట్టినట్టే. అందుకని కింద చెప్పేవన్నీ ఆ కాగితం చుట్టూనే తిరుగుతాయి, కాస్త ఓపిక పట్టండి.

ఎవరి చేత పంపాలి

మనకున్నవి మూడు దారులు. పోస్టాఫీసు, పెద్ద కొరియర్ కంపెనీలు, మధ్యలో ఏజెంట్లు.

పోస్టాఫీసులో విదేశీ స్పీడ్ పోస్ట్ ఉంది, దాన్నే ఈఎంఎస్ అంటారు. రేటు 250 గ్రాముల లెక్కన పెరుగుతుంది, అంటే మొదటి 250 గ్రాములకి ఒక ధర, ఆపైన ప్రతి 250కీ ఇంకొంత. పది గ్రాములు ఎక్కువైనా మొత్తం 250కి కట్టాల్సిందే కాబట్టి ఇంటి దగ్గర కిరాణా కొట్లో తూకం వేయించుకుని వెళ్ళండి, టేపు బరువుతో సహా. రెండు కిలోల లోపు చిన్న వాటికి ట్రాక్డ్ ప్యాకెట్ అని చవకది కూడా ఉంది, అది అన్ని దేశాలకీ ఉండదు, కౌంటర్‌లో అడగాలి. మా ఊళ్ళో లాగా హెడ్ పోస్టాఫీసు ఉన్న చోట పని అయిపోతుంది, గుణుపురం వైపు పల్లెల వాళ్ళు బ్రాంచి పోస్టాఫీసుకి వెళ్ళి అక్కడ తీసుకోరని తెలిసి తిరిగొచ్చిన సందర్భాలున్నాయి, ముందు ఫోన్ చేసుకోండి. పొద్దున పదకొండు లోపు వెళ్తే కౌంటర్‌లో ఉన్నాయన తీరిగ్గా ఉంటాడు, ఒడియాలో "ఆచార్?" అని అడుగుతాడు, తెలుగులో చెప్పినా అర్థమవుతుంది.

పెద్ద కొరియర్లు మూడు నాలుగు రోజుల్లో చేరుస్తాయి, డబ్బు బాగా ఎక్కువ. వాళ్ళ దగ్గర ఒక మెలిక ఉంది, అది తెలీక చాలామంది గొడవ పడతారు. వాళ్ళు తూకం ఒక్కటే చూడరు, డబ్బా ఎంత చోటు ఆక్రమిస్తుందో కూడా చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి గుణించి 5,000తో భాగిస్తారు. తూకం, ఈ లెక్క, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు. పోయిన సంక్రాంతికి చెల్లికి వడియాలు, అప్పడాలు పంపుదామని 40, 30, 30 డబ్బా కట్టాను, తూకం నాలుగు కిలోలే. కానీ ఆ మూడూ గుణిస్తే 36,000, దాన్ని 5,000తో భాగిస్తే 7.2 కిలోలు. మూడు కిలోల గాలికి అమెరికా దాకా చార్జీ కట్టమంటే ఎవరికి మనసొప్పుతుంది? ఇంటికి తెచ్చి విప్పి, వడియాలు చిన్న కవర్లలో గట్టిగా సర్ది, మధ్యలో పచ్చడి ప్యాకెట్లు పెట్టి చిన్న డబ్బాలో కట్టాను. బరువైనదీ తేలికైనదీ కలిపి పంపితే రెండు లెక్కలూ దగ్గరకొస్తాయి.

ఇక ఏజెంట్లు. బరంపురంలోనూ విశాఖలోనూ "ఫారిన్‌కి పచ్చళ్ళు పంపబడును" అన్న బోర్డు లేని సందు లేదు. వీళ్ళు పదిమంది డబ్బాలు పోగేసి పెద్ద కొరియర్ల దగ్గర టోకు రేటుకి బుక్ చేస్తారు, అందుకే మనం నేరుగా వెళ్తే అయ్యేదానికంటే తక్కువకే అవుతుంది, ఇంటికొచ్చి తీసుకెళ్తారు, ప్యాకింగ్ కూడా వాళ్ళదే. నేను వాళ్ళని వద్దనను, ఇప్పటికీ సగం డబ్బాలు వాళ్ళ చేతే పంపుతాను. కాకపోతే మూడు విషయాలు ముందే అడుగుతాను. అసలు తీసుకెళ్ళే కంపెనీ ఏది, దాని ట్రాకింగ్ నంబర్ నాకు ఇస్తారా లేక మీ సొంత నంబరేనా? కస్టమ్స్ కాగితం మీద ఏం రాస్తారు, అది నాకు ముందు చూపిస్తారా? అక్కడ సుంకం పడితే ఎవరు కట్టాలి? ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పనివాడు ఎంత తక్కువ రేటు చెప్పినా దండం పెట్టి వచ్చేయండి. "మీకెందుకండీ టెన్షన్, మేం చూసుకుంటాం" అన్నవాడి దగ్గరే నా సున్నుండలు పోయాయి.

కొందరు "పాతపట్నం వెళ్ళి ఆంధ్రా నుంచి బుక్ చేస్తే చవకంట కదా" అని అడుగుతారు. ఉత్తి మాట. దేశం దాటే డబ్బాకి ఏ రాష్ట్రంలో బుక్ చేసినా పోస్టు రేటు ఒకటే, కస్టమ్స్ కేంద్ర ప్రభుత్వానిది. ఆంధ్రాకి దాటడంలో ఉన్న లాభం ఒక్కటే, ఆర్టీసీ కార్గోలో డబ్బా వేసి విశాఖ ఏజెంటుకి పంపడం తేలిక. అలా రాష్ట్రం దాటించడానికి కాగితాలేమీ అక్కర్లేదు, అమ్మకం సరుకై యాభై వేలు దాటితేనే ఈ-వే బిల్లు గొడవ.

ఏం పంపకూడదు

దీని గురించి మా ఇంట్లో జరిగినన్ని వాదనలు ఆస్తి పంపకాల్లో కూడా జరగలేదు. అమ్మకి కరివేపాకు పంపకూడదంటే నమ్మదు. పచ్చి కరివేపాకు అమెరికాలోకి రానివ్వరు, యూరప్‌లోనూ అంతే. కరివేపాకు చెట్టు నిమ్మ, బత్తాయిల కుటుంబానిదే. నిమ్మ తోటల్ని ఎండబెట్టేసే ఒక తెగులు ఉంది, దాన్ని మోసే చిన్న పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. వాళ్ళ బత్తాయి తోటల భయం వాళ్ళది. ఎండబెట్టి, వేయించి, కారంపొడి చేసి పంపితే పేచీ ఉండదు.

విత్తనాలు కూడా అంతే. ఆనప గింజలు, బీర గింజలు, తోటకూర విత్తనాలు పొట్లం కట్టి చీర మడతలో పెట్టే అత్తగార్లు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. మొలకెత్తే గింజకి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, దాన్నే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ అంటారు. అది లేకుండా దొరికితే పొట్లంతో పాటు డబ్బా మొత్తం విప్పి చూస్తారు.

కోడి పచ్చడి, మటన్ పచ్చడి అమెరికాకి, యూరప్‌కి, బ్రిటన్‌కి, ఆస్ట్రేలియాకి వద్దు. మాంసం మీద వాళ్ళ నిషేధం గట్టిది, ఇంట్లో చేశామన్నా వినరు. యూరప్, బ్రిటన్‌లకైతే పాల పదార్థాలు కూడా వద్దు, కోవా బిళ్ళలు ఎంత బాగా కుదిరినా సరే. ఆస్ట్రేలియా సంగతి ఇందాక చెప్పాను. అక్కడికి తిండి పంపాలంటే ఎండు పొడులు, మామిడి, నిమ్మ, టమాటా పచ్చళ్ళు లాంటి వాటితో ఆగండి, ఒక్కోటీ పేరు పేరునా రాయండి.

గల్ఫ్‌కి పంపేవాళ్ళు ఇది బాగా గుర్తుపెట్టుకోండి: గసగసాలు. మన వంటింట్లో అది మసాలా, అక్కడ మత్తుమందు మొక్క గింజ. ఎమిరేట్స్‌లో, సౌదీలో నిషేధం, సింగపూర్‌లో కూడా అంతే. విడిగా పంపకపోవడమే కాదు, గరం మసాలా పొడిలో కలిసినా ఇబ్బందే, కాబట్టి పొడి ఇంట్లో కొట్టించేటప్పుడు గల్ఫ్ వాటా విడిగా కొట్టించండి. మందుల విషయంలోనూ జాగ్రత్త. ట్రమడాల్, కోడీన్ ఉన్న మాత్రలు ఇక్కడ డాక్టర్ రాసినవే అయినా ఎమిరేట్స్‌లో నియంత్రణలో ఉన్నవి, నడుము నొప్పి మాత్రలేగా అని దగ్గు మందు సీసాతో కలిపి పెట్టకండి. ఏ మందైనా సరే చీటీ, బిల్లు లేకుండా పంపొద్దు.

పవర్ బ్యాంకులు, విడి బ్యాటరీలు, సెంటు సీసాలు, స్ప్రేలు విమానంలో వెళ్ళే పోస్టులో తీసుకోరు. బంగారం, నోట్లు అసలే వద్దు.

మా ఊరి ప్రత్యేకం ఒకటి ఉంది, కొమ్ము బొమ్మలు. గేదె కొమ్ముతో చేసిన కొంగలు, రొయ్యలు, దువ్వెనలు. బయట దేశంలో ఎవరికైనా ఇవ్వడానికి ఇంతకంటే మంచి బహుమతి లేదు, కాకపోతే కొమ్ము అన్న మాట వినగానే ఏ దేశం కస్టమ్స్ అయినా ఒకసారి తల ఎత్తి చూస్తుంది. మన దగ్గర 1972 వన్యప్రాణుల చట్టం ఉంది, జింక కొమ్ముకి కటకటాలే. గేదె కొమ్ము అది కాదు, కానీ ఎక్స్‌రేలో తేడా తెలీదు. అందుకని కొట్టు బిల్లు తీసుకోండి, బిల్లు మీద గేదె కొమ్ముతో చేసిన హస్తకళ అని ఇంగ్లీషులో రాయించండి, అదే మాట కస్టమ్స్ కాగితం మీదా రాయండి, బిల్లు జిరాక్స్ డబ్బా పైన కవర్లో పెట్టండి. ఆస్ట్రేలియాకి మాత్రం నేను పంపను, విప్పి చూడడం ఖాయం, బొమ్మ కొంగకి మెడ విరిగాక అది కొంగ అని ఎవరికి చెప్పుకుంటాం.

పచ్చడి కట్టడం

కొత్త ఆవకాయ పంపకండి. కలిపిన నాలుగో రోజునే కవర్లో పోసి సీలు వేస్తే లోపల గాలి పుట్టి కవరు బూరెలా ఉబ్బుతుంది, విమానంలో దాని సంగతి చెప్పనక్కర్లేదు. కనీసం మూడు వారాలు ఊరనివ్వండి. ఊరాక జాడీలోంచి తీసేటప్పుడు పైన తేలిన నూనె వంచేయండి, ముక్కకి పట్టింది చాలు, అక్కడికెళ్ళాక వాళ్ళే నూనె కాచి పోసుకుంటారు.

గాజు సీసా వద్దే వద్దు. మందపాటి ప్లాస్టిక్ పౌచ్‌లో మూడొంతుల్లో రెండొంతులే నింపండి, మూతి దగ్గర నూనె అంటితే సీలు పడదు కాబట్టి పొడి గుడ్డతో తుడిచి, గాలి నొక్కేసి సీలు వేయించండి. స్వీటు షాపుల్లో వ్యాక్యూమ్ మిషన్ ఉంటుంది, కొద్ది డబ్బు తీసుకుని వేసి పెడతారు. ఒక సీలు సరిపోదు, దాని కింద అంగుళం దూరంలో రెండోది. ఆ పౌచ్‌ని ఇంకో పౌచ్‌లో పెట్టి దానికీ సీలు. ఇప్పుడు అసలు పరీక్ష: రాత్రి పడుకునే ముందు పాత పేపరు పరిచి దాని మీద పౌచ్‌లని బోర్లా పెట్టి, పైన ఒక పీట, పీట మీద రోకలి బండ పెట్టండి. పొద్దున్నే పేపరు ఎత్తి వెలుగులో చూడండి. రూపాయి బిళ్ళంత నూనె మరక కనిపించినా ఆ పౌచ్ విప్పి మళ్ళీ చేయాల్సిందే. నా డబ్బాల్లో మొదటి ఏడాది రెండు కారాయి, ఈ పీట పరీక్ష మొదలెట్టాక ఒక్కటీ కారలేదు.

అట్టపెట్టె కొత్తది కొనక్కర్లేదు, మందుల షాపు వాళ్ళ దగ్గర అయిదు పొరల గట్టి పెట్టెలు ఉంటాయి. దాని మీద ఉన్న పాత లేబుళ్ళు, బార్‌కోడ్‌లు మాత్రం మొత్తం పీకేయండి, లేకపోతే మిషన్ పాత కోడ్ చదివి డబ్బాని ఇంకెక్కడికో తోస్తుంది. అడుగున పాత నేత లుంగీ ఒకటి పరిచి, పౌచ్‌లు పెట్టి, ఖాళీల్లో వడియాల ప్యాకెట్లు కూరండి. డబ్బా ఊపితే చప్పుడు రాకూడదు. లోపల పైన ఒక కాగితం మీద పంపేవాళ్ళ, అందుకునేవాళ్ళ అడ్రస్‌లు, ఫోన్ నంబర్లు రాసి పెట్టండి, పై లేబుల్ ఊడిపోయినప్పుడు అదే దిక్కు. పోస్టాఫీసుకి వెళ్ళేటప్పుడు పెట్టె మూత అంటించకుండా వెళ్ళండి, లోపల చూపించమంటారు. టేపు చుట్ట, కత్తెర చేతిలో ఉంచుకోండి, వాళ్ళ కత్తెర ఎప్పుడూ కనపడదు.

కాగితం

పోస్టాఫీసులో ఇచ్చే కస్టమ్స్ ఫారాలు రెండు రకాలు, చిన్న వాటికి సీఎన్ 22, పెద్ద వాటికీ ఈఎంఎస్‌కీ సీఎన్ 23. అందులో ఉండేవి: లోపల ఏముంది, ఎన్ని, ఒక్కోటీ ఎంత బరువు, ఎంత విలువ, హెచ్‌ఎస్ కోడ్, బహుమతా అమ్మకమా. వివరాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కి డబ్బా కంటే ముందే ఆ దేశానికి చేరతాయి, 2021 నుంచి ప్రపంచమంతా పోస్టుకి ఇదే పద్ధతి. అందుకే కౌంటర్‌లో కొట్టేటప్పుడు స్క్రీన్ మీద ఓసారి చూపించమని అడగండి, సిగ్గు పడకండి.

"ఫుడ్", "గిఫ్ట్", "క్లాత్స్" అని ఒక్క మాట రాస్తే ఆ ఫారం రాయనట్టే. ఇంట్లో చేసిన మామిడి పచ్చడి, ఒక కిలో, అందులో మామిడి, కారం, ఆవపిండి, ఉప్పు, నువ్వుల నూనె. మినప అప్పడాలు, అర కిలో. ఇలా ఇంగ్లీషులో రాయండి. ఆవాలు అని కాకుండా పొడి చేసిన ఆవాలు అని రాయడం నా అలవాటు, గింజ కాదని తెలియడానికి. హెచ్‌ఎస్ కోడ్ అంటే ప్రపంచంలో ప్రతి సరుకుకీ పెట్టిన నంబరు. పచ్చళ్ళు 2001లోకి వస్తాయి, అప్పడాలు 1905లోకి, పట్టుచీర 5007లోకి. చీర కుట్టిన బట్ట కాదు కదా, అందుకని కస్టమ్స్ లెక్కలో అది దుస్తులు కాదు, పట్టు గుడ్డ. బరంపురం పట్టు పంపేవాళ్ళు ఆడవాళ్ళ డ్రెస్ అని రాసి చిక్కులో పడకండి.

ఇంట్లో చేసిందా, కొన్నదా అన్నది అమెరికా విషయంలో ఇంకా ముఖ్యం. తినేవి ఏవి లోపలికొచ్చినా తిండినీ మందుల్నీ చూసే వాళ్ళ సర్కారు సంస్థ ఎఫ్‌డీఏకి ముందస్తు సమాచారం ఇవ్వాలి, ప్రయర్ నోటీస్ అంటారు. కానీ ఒక మనిషి తన ఇంట్లో చేసి ఇంకో మనిషికి వ్యక్తిగత బహుమతిగా పంపే తిండికి ఆ నోటీసు అక్కర్లేదు. అదే షాపులో కొన్న కాజా డబ్బా బహుమతిగా పంపినా నోటీసు కావాలి. చూశారా, అమ్మ చేతి ఆవకాయకి ఉన్న మర్యాద అంగడి మిఠాయికి లేదు. అందుకని ఇంట్లో చేసినది అన్న మాట ఫారం మీద ఉండి తీరాలి, బ్రాండ్ లేబుల్ ఉన్న పాత సీసాల్లో ఇంటి పచ్చడి పోసి ఆ మాట మీకు మీరే అబద్ధం చేసుకోకండి.

విలువ తగ్గించి రాయమని ఏజెంట్లు చెబుతారు. ఎనిమిది వేల చీరకి అయిదు వందలు వేస్తే సుంకం తప్పుతుందని. డబ్బా పోతే నష్టపరిహారం కూడా ఆ అయిదు వందల లెక్కనే అడగాలి, విప్పి చూసిన అధికారికి పట్టు తెలిస్తే జరిమానా వేరే. నిజం విలువ రాయండి, సున్నా అని మాత్రం ఎప్పుడూ రాయొద్దు. కొరియర్‌లో బహుమతి కింద పంపేదానికి మన వైపు 25,000 రూపాయల పరిమితి ఉంది, దాటితే వ్యాపారం కింద లెక్క కడతారు.

ఆధార్ జిరాక్స్ అడుగుతారు, ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు దాని మీద అడ్డంగా ఫలానా పార్సిల్ కోసం అని, తేదీ రాసి సంతకం పెట్టండి.

మన అడ్రస్ దగ్గర మన సరిహద్దు ఊళ్ళ వాళ్ళు ప్రతిసారీ చేసే తప్పు ఒకటుంది. పర్లాకిమిడి పిన్ 761200, పాతపట్నం 532213. 75 నుంచి 77 దాకా ఒడిశా, 53 ఆంధ్రా. సిరొంచ, బల్లార్షా వైపు మన వాళ్ళకి 44తో మొదలవుతుంది, మహారాష్ట్ర. పెద్దవాళ్ళు పాత అలవాటు కొద్దీ ఒడిశా పిన్ వేసి పక్కన శ్రీకాకుళం జిల్లా అని రాసేస్తారు, డబ్బా రెండు రాష్ట్రాల మధ్య బంతిలా తిరుగుతుంది. పైగా మా ఊరి పేరు ఇంగ్లీషులో మూడు రకాలుగా రాస్తారు, ఆధార్‌లో ఎలా ఉంటే అలాగే రాయండి. అవతలి అడ్రస్ వాట్సాప్‌లో టైపు చేసి పంపమని అడగండి, ఫోన్‌లో చెప్పించుకుని రాయకండి. గల్ఫ్ అయితే ఫోన్ నంబరే అడ్రస్, అది తప్పితే ఇక అంతే.

సుంకం

బహుమతి అయినా ఒక హద్దు దాటితే అవతలి వాళ్ళు పన్ను కట్టాలి. బ్రిటన్‌లో 39 పౌండ్ల దాకా బహుమతికి పన్ను లేదు, యూరప్ దేశాల్లో 45 యూరోలు, కెనడాలో 60 కెనడియన్ డాలర్లు.

అమెరికాకి ఒకప్పుడు 800 డాలర్ల దాకా ఏ బాధా ఉండేది కాదు. అది 2025 ఆగస్టు 29తో పోయింది. దాని ముందు ఆగస్టు 25 నుంచి మన పోస్టు అమెరికా పార్సిళ్ళు తీసుకోవడం ఆపేసింది, ఆ దసరాకి చెల్లికి కట్టిన డబ్బా నెలా పదిహేను రోజులు మా బీరువా పైనే ఉంది. మళ్ళీ అక్టోబరు 15న మొదలైంది, ఇప్పుడు సుంకం ఇక్కడే బుకింగ్ దగ్గర కట్టించుకునే పద్ధతి వచ్చింది. 100 డాలర్ల లోపు నిజమైన బహుమతికి మినహాయింపు ఉంది. అందుకని చెల్లికి పెద్ద డబ్బా ఒకటి కాకుండా ఉగాదికొకటి, దసరాకొకటి చిన్నవి పంపుతున్నాను. సుంకం శాతం మాత్రం బుక్ చేసే రోజున కౌంటర్‌లోనే అడిగి తెలుసుకోండి, పోయినసారి రసీదు చూసి లెక్క వేసుకోవద్దు.

అటు నుంచి ఇటు వచ్చేవాటికీ అంతే. 2019 డిసెంబరు నుంచి పోస్టులో, కొరియర్‌లో బహుమతి అని వచ్చిన వాటికి సుంకం మినహాయింపు తీసేశారు, రాఖీలు, ప్రాణరక్షక మందులు తప్ప. చెల్లి పంపిన పాత ఫోన్‌కి నేను కట్టిన డబ్బుతో బరంపురంలో కొత్తది వచ్చేసేది.

ఇచ్చాక

పోస్టు నంబరు పదమూడు గుర్తులు: ముందు రెండు ఇంగ్లీషు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర ఐఎన్. డబ్బా దేశం దాటాక మన సైట్‌లో కదలిక కనపడకపోతే అదే నంబరు అవతలి దేశం పోస్టు సైట్‌లో కొట్టండి, అక్కడ కనిపిస్తుంది. కస్టమ్స్‌లో ఉంది అని చూడగానే గుండెలు బాదుకోకండి, ప్రతి డబ్బా అక్కడ ఆగుతుంది. వారం దాటితే అవతలి వాళ్ళని వాళ్ళ పోస్టుకి ఫోన్ చేయమనండి, ఇక్కడి నుంచి మనం అడిగే దానికంటే అందుకునేవాళ్ళు అడిగితేనే పని జరుగుతుంది. ఇటువైపు ఫిర్యాదుకి పోస్టు వాళ్ళ నంబరు 1800 266 6868 ఉంది, రసీదు లేకుండా అది కూడా పని చేయదు. రసీదుల రంగు ఆరు నెలల్లో వెలిసిపోతుంది, ఇచ్చిన రోజే ఫోటో తీసి పెట్టుకోండి.

ఇంకో రకం ఫోన్లు వస్తాయి, మా వీధిలో ఇద్దరికి వచ్చాయి. కొరియర్ నుంచి అంటాడు, మీ పేరు మీద విదేశం వెళ్ళే పార్సిల్‌లో మత్తుమందు దొరికింది అంటాడు, పోలీసుకి కలుపుతాను అని వీడియో కాల్‌లో యూనిఫాం చూపిస్తాడు, కదలొద్దు అరెస్టు చేశాం అంటాడు. నిజంగానే మొన్న డబ్బా పంపి ఉంటాం కాబట్టి భయం వేస్తుంది. ఫోన్‌లో అరెస్టు అనేది మన చట్టంలో లేదు. ఫోన్ పెట్టేయండి, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చెప్పండి. కస్టమ్స్ ఎప్పుడూ ఎవరి సొంత ఖాతాలోకో యూపీఐ చేయమనదు. నిజమైన కస్టమ్స్ ఉత్తరం మీద డిన్ అనే గుర్తింపు నంబరు ఉంటుంది, అది వాళ్ళ సైట్‌లో సరిచూసుకోవచ్చు. ఎదురింటి మాస్టారు డబ్బు వేయడానికి బ్యాంకుకి బయల్దేరుతుంటే గేటు దగ్గర ఆపాం, ఆయన చేతిలో ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంది, లోపల్నించి ఎవడో "ఎవరితోనూ మాట్లాడకు" అని అరుస్తున్నాడు.

ఈ శుక్రవారం మస్కట్ డబ్బా కట్టాలి. కొబ్బరి కారం, నిమ్మకాయ పచ్చడి, బావకి రెండు లుంగీలు. మసాలా పొడిలో గసగసాలు వేయలేదు కదా అని అమ్మని అడిగితే "కొంచెమే" అంది. ఆ కొంచెం పక్కన పెట్టి మళ్ళీ కొట్టించాలి, మిల్లు రేపు పొద్దున తీస్తారు.